సముద్రము దాటిన విద్యుత్ కారు

మన ఇండ్లలో గోడలమీదనుండు ప్లగ్గు పాయింట్లను ఒకమారు పరికించి చూడుడు. రేడియోకు, బల్లదీపమునకు సన్నని పిన్నులు మూడు గల ప్లగ్గు ఒకటి. ఇస్త్రీపెట్టెకు, నీళ్లు కాచు హీటరుకు అదే పోలికగల లావుపిన్నుల ప్లగ్గు మరొకటి. ఈ గుండ్రని పిన్నుల పద్ధతి బ్రిటిషువారు మనకు అలవాటు చేసినది. విచిత్రమేమనగా, వారు 1947లో చదరపు పిన్నులుగల క్రొత్త ప్లగ్గును ప్రమాణముగా ప్రకటించి, క్రమముగా దానికి మారిపోయినారు. మనము మాత్రము వారు విడిచిన పాతదానినే నేటికిని నిలుపుకొని యున్నాము. అందుచేతనే లండనునుండి బంధువెవరైన తెచ్చిన ఇస్త్రీపెట్టె మన గోడకు అతకదు.

ఇస్త్రీపెట్టె విషయములో ఇది చిన్న చిక్కు. బజారులో ఒక అడాప్టరు కొని తెచ్చినచో తీరిపోవును. కాని అట్లు సముద్రము దాటి వచ్చిన వస్తువు ఒక కారు అయినచో? ఆ కారు పెట్రోలుతోగాక విద్యుత్తుతో నడచునదైనచో? కొన్నవాడు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును దానిమీద పెట్టి, తీరా ఊరి చివరనున్న చార్జింగు స్టేషనుకు పోయి, అక్కడి కేబులు కొనను తన కారు మూతిలో పెట్టబోగా అది దూరక నిలిచిపోయినచో? న్యూజిలాండు మొదలు యుక్రెయిన్ వరకు ఎన్నో దేశములలో ఎందరో గృహస్థులకు ఈ చిక్కు ఎదురైనది. ఇది ఎట్లు పుట్టినది, దీని భారమును ఎవరు మోసినారు, ఎంతవరకు తీరినది అనునదే నేటి ప్రసంగ విషయము.

పెట్రోలు కారుకు ఈ బాధ అంతగా లేదు. పెట్రోలు ఒక ద్రవము. గొట్టము పట్టునంత మూతి ఉన్నచో ఏ దేశపు టాంకీలోనైనను పోయవచ్చును. విద్యుత్తు అట్టిది కాదు. దాని వోల్టేజి ఎంత, అది ఏకాంతర ప్రవాహమా లేక ఏకముఖ ప్రవాహమా, సెకనుకు ఎన్ని ఆవృత్తులు, ఎన్ని తీగలమీద వచ్చును అను విషయములన్నిటియందును ఇచ్చువానికి, పుచ్చుకొనువానికి ముందుగా ఒప్పుదల ఉండవలెను. ఆ ఒప్పుదలకే ప్రమాణమని పేరు. ప్లగ్గు ఆ ప్రమాణమునకు కంటికి కనబడు రూపము మాత్రమే.

విద్యుత్తు లోకములో ఒక్కచోట పుట్టి నలుదిక్కుల ప్రాకినది కాదు. ఊరూర వేరువేరు కంపెనీలు తమకు తోచినట్లు దానిని నెలకొల్పినవి. జపాను దేశమే ఇందుకు మంచి సాక్ష్యము. 1890ల దశకములో టోకియో నగరపు విద్యుత్ కంపెనీ తన యంత్రములను జర్మనీనుండి తెప్పించుకొన్నది. ఒసాకా కంపెనీ అమెరికానుండి తెప్పించుకొన్నది. జర్మనీ యంత్రము సెకనుకు 50 ఆవృత్తులది, అమెరికా యంత్రము 60 ఆవృత్తులది. నేటికిని జపాను తూర్పుభాగమున 50, పడమటి భాగమున 60 ఆవృత్తుల విద్యుత్తే ప్రవహించుచున్నది. తాతలు సరుకు కొన్న అంగడి మనుమల ఇంటి దీపమును కూడ శాసించినదన్నమాట.

ఇట్టి భేదములను సవరించవలెనను తలంపు కూడ పాతదే. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున సమావేశమైన విద్యుత్ శాస్త్రజ్ఞులు ఇందుకై ఒక శాశ్వత సంఘము కావలెనని తీర్మానించినారు. 1906లో లండనులో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము ఏర్పడినది. సుప్రసిద్ధుడైన లార్డ్ కెల్విన్ దానికి మొదటి అధ్యక్షుడు. ఈ సంఘము ఎన్నో విషయములలో ప్రపంచమును ఏకముఖము చేయగలిగినది గాని, ఇంటి ప్లగ్గు విషయములో ఓడిపోయినది. 1986లో అది లోకమంతటికి ఒకే ప్లగ్గును ప్రతిపాదించగా, బ్రెజిలు, దక్షిణాఫ్రికావంటి దేశములు మాత్రమే ఆ దారిని నడచినవి. కారణము స్పష్టము. అప్పటికే కోట్లకొలది గోడలలో పాత సాకెట్లు పాతుకొనిపోయినవి. గోడను త్రవ్వి మార్చుటకు ఎవడును సిద్ధపడడు.

అట్లైనచో, గోడలు ఇంకను కట్టకముందే విద్యుత్ కారు ప్లగ్గును ఏకము చేయుటకు లోకమునకు మంచి అవకాశము చిక్కినదనియే చెప్పవలెను. ఆ అవకాశము ఎట్లు చేజారినదో చూతము.

మొదటి హెచ్చరిక 1990ల దశకములోనే కాలిఫోర్నియాలో కనబడినది. గాలిని చెరచని కార్లు అమ్మవలెనని ఆ రాష్ట్రము నియమము చేయగా, కంపెనీలు విద్యుత్ కార్లను తీసికొనివచ్చినవి. జనరల్ మోటార్సు వారి ఈవీ-1 కారు 1996 చివర రోడ్డెక్కినది. దానికి పిన్నుల ప్లగ్గు లేదు. తెడ్డు ఆకారముగల ఒక పలకను కారు ముందరి చీలికలో చొనిపినచో, లోహము లోహమును తాకకుండనే, అయస్కాంత ప్రేరణచేత విద్యుత్తు లోనికి పోవును. తడిచేతితో పట్టుకొన్నను ప్రమాదము లేదని దాని గొప్ప. ఫోర్డు, హోండా కంపెనీలవారు పిన్నుల ప్లగ్గునే పట్టుకొన్నారు. దానితో స్టేషనులు రెండు తెగలైనవి. చివరకు 2001లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి పిన్నుల పద్ధతినే ప్రమాణముగా నిర్ణయించినది. తెడ్డు పద్ధతి స్టేషనులు దిక్కులేనివైనవి. తెడ్డు చెడ్డదని కాదు, ఓడిపోయినది. ఈ రెండు మాటలకు గల తారతమ్యమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఈ చరిత్రలో ఇది మరల మరల కనబడును.

రెండవ అంకము 2009 నుండి 2014 వరకు నడచినది. ఆ కొలది సంవత్సరములలో ఒకదానితో ఒకటి కలియని ప్లగ్గులు అరడజను పుట్టినవి. ఇది కేవలము పంతముచేత జరిగినదనుట న్యాయము కాదు. ప్రతి దేశమునకు తన కారణము తనకు ఉన్నది.

అమెరికా, జపాను దేశములలో సామాన్యుల ఇండ్లకు ఒక ఫేజు విద్యుత్తే వచ్చును. కనుక వారికి అయిదు పిన్నుల చిన్న ప్లగ్గు చాలును. రెండు విద్యుత్తుకు, ఒకటి భూమికి, రెండు సంకేతములకు. జపానులోని యజాకి కంపెనీ రూపొందించిన ఈ గుండ్రని ప్లగ్గును అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘము 2010 జనవరిలో ప్రమాణముగా స్వీకరించినది. దీనినే మొదటి రకము అందురు. జర్మనీలో ఇండ్లకు సైతము మూడు ఫేజులు వచ్చును. మూడింటిని వాడుకొన్నచో కారు త్వరగా నిండును. అందుచేత అక్కడి మెనెకెస్ అను ప్లగ్గుల కంపెనీ 2009లో ఏడు పిన్నుల ప్లగ్గును ప్రతిపాదించినది. ఇది రెండవ రకము. ఫ్రాన్సు, ఇటలీ దేశములవారికి మరొక భయము పట్టుకొన్నది. పసిపిల్లలు వ్రేలు పెట్టకుండ సాకెట్టు రంధ్రములకు లోపల రెప్పలవంటి మూతలు ఉండవలెనని వారి పట్టుదల. దానికై మూడవ రకము పుట్టినది. ఒక్క ఐరోపాలోనే, రైలు దిగకుండ దాటగల సరిహద్దుకు ఇరుప్రక్కల, రెండు ప్లగ్గులు నెలకొన్నవి.

ఇంతవరకు చెప్పినది ఏకాంతర ప్రవాహముతో నెమ్మదిగా నింపు పద్ధతి. అరగంటలో బ్యాటరీని చాలవరకు నింపవలెనన్నచో ఏకముఖ ప్రవాహమును స్టేషనులోనే తయారుచేసి, నేరుగా బ్యాటరీకి పంపవలెను. ఈ విద్యలో జపాను ముందంజ వేసినది. టోకియో విద్యుత్ కంపెనీ, నిస్సాన్, మిత్సుబిషి, టొయోటా, సుబారు కార్లు చేయు ఫ్యూజీ కంపెనీ కలిసి 2010 మార్చిలో చాడెమో సంఘమును స్థాపించినవి. ఆ పేరులో ఒక చమత్కారము కలదు. జపాను భాషలో దానిని కొంచెము సాగదీసి పలికినచో, ‘టీ త్రాగుదమా?’ అని పిలిచినట్లుండును. టీ త్రాగులోపల కారు నిండునని భావము. అదే సంవత్సరము డిసెంబరులో నిస్సాన్ కంపెనీ లీఫ్ అను కారును విడుదల చేసినది. సామాన్య కుటుంబమునకు అందుబాటులో ఉండునట్లు పెద్దయెత్తున తయారైన తొలి విద్యుత్ కార్లలో అది ముఖ్యమైనది.

చాడెమోకు మంచి గుణములు లేకపోలేదు. కారులోని విద్యుత్తును వెనుకకు ఇంటికి పంపు వీలు కూడ దానిలో ఉన్నది. 2011 మార్చి భూకంపము తరువాత జపాను ఈ గుణమును గుర్తించినది. 2012లో లీఫ్ బ్యాటరీతో ఇంటి దీపములు వెలిగించు పెట్టె అక్కడి విపణికి వచ్చినది. కాని అమెరికా, జర్మనీ కంపెనీలు ఏడు 2011లో వేరొక దారిని ఎంచుకొన్నవి. నెమ్మది చార్జింగు ప్లగ్గు క్రిందనే రెండు లావుపాటి పిన్నులను చేర్చి, ఒకే మూతిలో రెండు పనులును జరుగునట్లు చేసినవి. దీనికి సంయుక్త పద్ధతి, అనగా సి.సి.ఎస్. అని పేరు. చైనా 2011లో తన జాతీయ ప్రమాణమును ప్రకటించినది. టెస్లా కంపెనీ 2012లో తన కార్లకు, తన స్టేషనులకు మాత్రమే పనికివచ్చు ప్లగ్గును ప్రవేశపెట్టినది. 2014 అక్టోబరులో ఐరోపా సమాఖ్య శాసనము చేసి, నెమ్మది చార్జింగునకు జర్మనీవారి రెండవ రకమును, వేగపు చార్జింగునకు దానిపై కట్టిన సంయుక్త పద్ధతిని ప్రమాణములుగా నిర్ణయించినది. ఫ్రాన్సువారి రెప్పల ప్లగ్గు అంతటితో ముగిసినది.

ప్రతి దేశమును తన ఇల్లు చక్కబెట్టుకొన్నది. ఒక్క విషయము మాత్రము ఆ సమావేశములలో వెనుకబడినది. కారు ఒక యజమానితో ఆగదు. మొదటివాడు కొన్ని యేండ్లు వాడి అమ్మును, రెండవవాడు కొనును. ఆ రెండవవాడు మరొక దేశమున ఉండవచ్చును.

న్యూజిలాండు కథ ఇక్కడ ప్రారంభమగుచున్నది. ఆ దేశములో కార్ల తయారీ లేదు. విడిభాగములు తెచ్చి బిగించు కర్మాగారములు కూడ 1998తో మూతపడినవి. 1980ల దశకము చివరనుండి దిగుమతి నిబంధనలు సడలగా, జపానులో వాడిన కార్లు ఓడలమీద వచ్చిపడుచుండెను. రెండు దేశములలోను బండి ఎడమప్రక్కనే నడచును. చోదకుని చక్రము కుడిప్రక్కనుండును. అందుచేత జపాను కారు అక్కడ పరాయిదిగా తోచదు. పెట్రోలు కార్లతో ఈ వ్యాపారము ముప్పది యేండ్లు సాఫీగా సాగినది. ఆ అలవాటు చొప్పుననే వాడిన లీఫ్ కార్లు కూడ వచ్చినవి. క్రొత్త విద్యుత్ కారు కొనలేని ఉపాధ్యాయునికి, గుమాస్తాకు, చిన్న సంసారికి అది వరము. న్యూజిలాండు రోడ్లమీద విద్యుత్ కార్ల సంఖ్య మొదట పెరిగినది చాలవరకు ఈ పాత లీఫ్ కార్ల వలననే.

ఆ కారు ఇంటికి వచ్చిన మొదటినాటి సాయంకాలమును ఊహించి చూతము. తలుపు తీయగానే అద్దముమీద అక్షరములన్నియు జపాను లిపిలో. కారు మాట్లాడినచో జపాను భాషలో. చార్జింగు ఏ గంటకు మొదలు కావలెనో నిర్ణయించు పట్టిక కూడ ఆ లిపిలోనే. సరే, అది నేర్చుకొనవచ్చును. ముందుభాగమున రేకుమూత ఎత్తగా రెండు మూతులు కనబడును: చిన్నది నెమ్మది చార్జింగునకు మొదటి రకము, పెద్దది వేగమునకు చాడెమో. కారుతో వచ్చిన కేబులు జపానులోని 200 వోల్టులకు చేసినది. న్యూజిలాండు గోడలోనిది 230 వోల్టులు. ప్లగ్గు ఆకారము కూడ వేరు. కేబులు కొనను కోసి స్థానిక ప్లగ్గు బిగించినచో ఏమి పోయెనని ఎవనికైన తోచవచ్చును. పోవునది చిన్నది కాదు. రేడియోకు ప్లగ్గు మార్చుట వేరు, కారుకు మార్చుట వేరు. రేడియో పుచ్చుకొను విద్యుత్తు అత్యల్పము. కారు కేబులు రాత్రియంతయు, పది పండ్రెండు గంటలపాటు, తన శక్తికొలది విద్యుత్తును మోయుచుండును. బిగింపు వదులైనను, కేబులు ఆ వోల్టేజికి తగినది కాకపోయినను వేడెక్కి కరగును. నిద్రించు ఇంటికి నిప్పు అంటును. ఆ దేశపు భద్రతాసంస్థయైన వర్క్‌సేఫ్, తమ నియమములకు తగినవను ధ్రువీకరణ ఉన్న కేబుళ్లనే వాడవలెనని మార్గదర్శకములు ప్రకటించినది. ఆ విధముగా చవుకగా వచ్చిన కారుకు తగిన కేబులు కొనుట మొదటి అదనపు వ్యయమైనది.

ఇంటి ప్లగ్గుతో 24 యూనిట్ల బ్యాటరీని నింపుటకు ఒక రాత్రి పట్టును. పొరుగూరు పోవలెనన్నచో దారిలో వేగపు స్టేషను కావలెను. అచ్చట ఏ ప్లగ్గు ఉండవలెను? క్రొత్తగా ఐరోపానుండి వచ్చు ఖరీదైన కార్లకు సి.సి.ఎస్. కావలెను, జపానునుండి వచ్చు పాత కార్లకు చాడెమో కావలెను. న్యూజిలాండు ప్రభుత్వము ఒకదానిని గెలిపించి మరొకదానిని వెళ్లగొట్టలేదు. వేగపు స్టేషనులలో రెండు తీగలును ఉండవలెనని మార్గదర్శకములలో చెప్పినది. ఒకే స్తంభమునకు ఎడమప్రక్క ఒకటి, కుడిప్రక్క ఒకటి. నెమ్మది చార్జింగునకు స్తంభముమీద రెండవ రకము సాకెట్టు మాత్రము ఉంచి, ఎవరి కేబులు వారు తెచ్చుకొనునట్లు చేసినది. కేబులుకు ఒక కొన స్తంభమునకు సరిపడును, రెండవ కొన కారు మూతికి సరిపడును. జపాను కారువాడును, జర్మనీ కారువాడును ఒకే స్తంభము వద్ద నిలువగలరు. ఈ చిన్న ఉపాయము చిన్న సంసారి కారును కాపాడినది.

ఇచ్చట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. నెమ్మది చార్జింగునకు రెండు కొనల కేబులు చాలినప్పుడు, వేగపు చార్జింగునకు కూడ అట్టిదే ఒక అడాప్టరు ఏల చాలదు? సమాధానము ప్లగ్గు ఆకారములో లేదు. కారు, స్తంభము మాట్లాడుకొను భాషలో ఉన్నది.

మొదటి రకమునకు, రెండవ రకమునకు ఆకారములు వేరైనను భాష ఒక్కటే. స్తంభము ఒక సన్నని తీగమీద సెకనుకు 1000 పర్యాయములు కొట్టుకొను సంకేతమును పంపును. ఆ కొట్టుకొనుటలో నాలుగవ వంతు కాలము సంకేతము పైకి నిలిచినచో 15 ఆంపియర్లు పుచ్చుకొనవచ్చునని అర్థము. సగము కాలము నిలిచినచో 30 ఆంపియర్లు. కారు తన వంతుగా ఆ తీగలోని వోల్టేజిని 12 నుండి 9కి దించి ‘వచ్చితిని’ అనును. 6కు దించి ‘ఇమ్ము’ అనును. ఇంత సులభమైన సంభాషణ కనుక ఉత్త తీగతోనే పని జరుగును.

వేగపు చార్జింగులో అట్లు కాదు. బ్యాటరీ ఎంత నిండినది, ఎంత వేడెక్కినది, ఈ క్షణమున ఎన్ని ఆంపియర్లు తట్టుకొనగలదు అను విషయములను కారు ఎడతెగక చెప్పుచుండవలెను. స్తంభము విని లోబడుచుండవలెను. చాడెమో ఇందుకు కారు యంత్రములలో ఒకదానితో ఒకటి మాట్లాడుకొను పద్ధతినే, ప్రత్యేకముగా రెండు తీగలమీద, వాడుకొన్నది. సి.సి.ఎస్. వారు ఆ ఒక్క సంకేతపు తీగమీదనే అధిక ఆవృత్తి తరంగములను ఎక్కించి వార్తలు పంపుదురు. మన షార్ట్‌వేవ్ ప్రసారములు ఏ ఆవృత్తుల సీమలో నడచునో, ఈ తరంగములును చాలవరకు ఆ సీమలోనివే. ఒకడు తెలుగు, మరొకడు జపాను భాష మాట్లాడుచున్నప్పుడు ఇద్దరి చేతులు కలిపినంతమాత్రమున బేరము కుదరదు. నడుమ దుబాసి కావలెను. ఆ దుబాసియే ఒక చిన్న కంప్యూటరు గల అడాప్టరు. అట్టివి ఇటీవలి సంవత్సరములలో విపణికి వచ్చినవి. కాని అవి ఉత్త తీగముక్కలవలె చవుకైనవి కావు. రెండు భాషలలో దేనిలోనైన మార్పు వచ్చినప్పుడెల్ల వానికిని క్రొత్త పాఠము నేర్పవలెను. వందల వోల్టుల ఏకముఖ ప్రవాహమును మోయు వస్తువునందు దుబాసి పొరపాటు పడుట వేడుక కాదు.

కాలము ఇంతలో మరల మారినది. ఐరోపా శాసనము బలమువలన కార్ల కంపెనీలు ఒక్కొక్కటిగా సి.సి.ఎస్. వైపు ఒరిగినవి. చాడెమోను పెంచి పెద్దచేసిన నిస్సాన్ కంపెనీ సైతము తన అరియా కారును ఐరోపా, అమెరికాలలో సి.సి.ఎస్. మూతితోనే అమ్మినది. అమెరికాలో 2022 నవంబరులో టెస్లా తన ప్లగ్గును ఎవరైనను వాడుకొనవచ్చునని ప్రకటించగా, 2023 మే, జూన్ నెలలలో ఫోర్డు, జనరల్ మోటార్సు దానిని స్వీకరించినవి. మిగిలిన కంపెనీలు వెంబడించినవి. 2025లో వెలువడిన మూడవ తరపు లీఫ్ కారు జపానులో చాడెమో మూతితోను, ఐరోపాలో సి.సి.ఎస్. మూతితోను, అమెరికాలో వేగపు చార్జింగునకు టెస్లా మూతితోను అమ్మకమునకు వచ్చినది. ఒకే పేరు, మూడు దేశములు, మూడు మూతులు. దానిని చేసినవారే తమ తొలి ప్లగ్గును సొంత గడ్డకు పరిమితము చేసినారు.

మరి పాత లీఫ్ కార్ల గతి ఏమి? వాని బ్యాటరీలు వృద్ధాప్యమున పడుచున్నవి. దూరప్రయాణము చేయు శక్తి తగ్గుచున్నది. అదే సమయమున వేగపు స్టేషనులలో చాడెమో కేబులు క్రొత్తగా పెట్టువారు అరుదగుచున్నారు. ముసలివానికి ఊతకర్ర కావలసిన వేళ ఊరివారు కర్రలు అమ్ముట మానినట్లున్నది. ఇదే కథ మరొక ముఖమున చైనా కార్లతో నడచుచున్నది. చైనా విపణికొరకే తయారై, ఆ దేశపు మూతితోనే ఉన్న కార్లు అధికారిక విక్రేతల ప్రమేయము లేకుండ వర్తకుల చేతులమీదుగా జోర్డాను, యుక్రెయిన్, మధ్య ఆసియా దేశములకు చేరినవి. ఆ దేశములలో ఐరోపా పద్ధతి స్టేషనులు, చైనా పద్ధతి కార్లు ఎదురెదురుగా నిలిచినవి. కొందరు అడాప్టరు కొన్నారు, కొందరు కారు మూతినే మార్పించుకొన్నారు. ఆ వ్యయమును కారు చేసినవాడు భరించలేదు. మొదట అమ్మినవాడును భరించలేదు. భరించినది చివర కొన్నవాడే.

మన దేశమునకును ఈ చరిత్రలో ఒక పుట కలదు. 2017లో కేంద్ర ప్రభుత్వము కార్ల చార్జింగునకు భారత్ ప్రమాణములను ప్రకటించినది. అందు ఏకముఖ ప్రవాహపు స్టేషనుకు చైనా ఆకారపు ప్లగ్గును గ్రహించినారు. అప్పటి మన విద్యుత్ కార్లు తక్కువ వోల్టేజి బ్యాటరీలు గలవి. వానికి అది సరిపోయినది. కాని 2018 డిసెంబరులో వెలువడిన మార్గదర్శకములు ప్రజలకొరకు పెట్టు ప్రతి స్టేషనులోను సి.సి.ఎస్., చాడెమో, భారత్ ప్రమాణములు మున్నగునవి అన్నియు ఉండవలెనన్నవి. అన్ని తీగలు పెట్టుట స్టేషను యజమానికి మోయరాని భారము. అందుచేత 2019 అక్టోబరులో ఆ నియమమును సడలించి, ఏ ప్లగ్గు పెట్టవలెనో వారికే విడిచిపెట్టినారు. 2020లో వచ్చిన నెక్సాన్ మొదలుగా మన కార్లు సి.సి.ఎస్. రెండవ రూపమునకు మరలినవి. హైదరాబాదునుండి విజయవాడ పోవు కారు నేడు దారిలో వెదకునది సాధారణముగా ఆ ప్లగ్గునే. తొలినాటి భారత్ స్టేషనులు మాత్రము కొన్ని కొలది కాలమునకే పాతబడినవి. ఒకదానినే పట్టుకొనుటలో నష్టమున్నది, అన్నిటిని పట్టుకొనుటలోను నష్టమున్నది. ఆ రెంటిని రెండు సంవత్సరముల వ్యవధిలో మనము చూచితిమి.

ఈ చరిత్రనుండి మనము గ్రహించవలసినది ఒక్కటి. ప్రమాణములను నిర్ణయించు సమావేశములలో కార్లు చేయువారు కూర్చుందురు, విద్యుత్తు అమ్మువారు కూర్చుందురు, ప్రభుత్వములవారు కూర్చుందురు. క్రొత్త కారు కొనువానికి కూడ అందు ఒక విధమైన ప్రాతినిధ్యము ఉన్నది. అతని రొక్కముకొరకే కదా వారందరును ఆలోచించునది. కాని పదేండ్ల తరువాత, వేరొక సముద్రతీరమున, ఆ కారునే సగము వెలకు కొనబోవు మనిషికి ఆ బల్లవద్ద కుర్చీ లేదు. నిర్ణయము వారిది, చెల్లింపు ఇతనిది. న్యూజిలాండు చేసిన పని పెద్ద శాస్త్ర విజయము కాదు. స్తంభమునకు రెండవ తీగ తగిలించినది. సాకెట్టు ఒకటే ఉంచి కేబులు ఎవరిది వారు తెచ్చుకొనుమన్నది. అయినను ఆ రెండు ఏర్పాట్లలోను, గెలిచిన ప్రమాణముతోపాటు ఓడిన ప్రమాణమును కొన్నవాడు కూడ రోడ్డుమీద నడువవలెనను న్యాయబుద్ధి ఉన్నది.

మన ఇండ్లలో గుండ్రని పిన్నుల ప్లగ్గు ఇంకను ఉన్నదనగా, దానిని ఎవరో ఒకప్పుడు మనకొరకు నిర్ణయించి పోయినారని అర్థము. కారు ప్లగ్గు విషయములో ఆ నిర్ణయములు మన కన్నులయెదుటనే జరుగుచున్నవి. ఇకమీదట పాత విద్యుత్ కారు కొనదలచినవారు దాని రంగును, అది తిరిగిన మైళ్లను చూచుటకు ముందు, మూత ఎత్తి మూతిని చూచుట మంచిది. ఆ కారు ఏ దేశమున పుట్టినదో, ఏ భాష మాట్లాడునో, మన వీధిలో దానితో మాట్లాడగల స్తంభము ఎన్నాళ్లు ఉండునో ఆ మూతియే చెప్పును.